పోతమ్మ కొత్తిమీర

పెదవాల్తేరులో డాబా మీద ఎండేసిన చేపల జోలికి రాకుండా పక్కింటి పోతమ్మ తన పిల్లిని తరిమేసింది. అది తిన్నగా రోజారమణి ఇంటికొచ్చి, ఆమె పెంచుకునే గినీపిగ్‌ల జంటలో మగదాన్ని తినేసింది.

“దానికి ఆకలేసినాది, నానేటి సేత్తానమ్మా?” అంది పోతమ్మ, తాపీగా చేపలు తిరగేస్తూ.

మిగిలిన ఆడది మూల ముడుచుకుంది. క్యారెట్టు ముఖమైనా చూడలేదు. రేపో మాపో అదీ పోయేలా ఉంది. రోజారమణి దాన్ని ఎత్తుకెళ్లి, పోతమ్మ చేపల పులుసు కోసం ప్రాణంలా పెంచుకునే కొత్తిమీర కుండీలో దింపింది. అది వాసన చూసింది. ఒక రెమ్మ కొరికింది. కాసేపటికి కుండీ బోడిగుండయింది, గినీపిగ్ కీచుకీచుమంటూ గంతులేసింది.

“ఓలమ్మో, నా కొత్తిమీర! ఇదేటే రోజా?”

“దానికి ఆకలేసినాది పిన్నీ, నానేటి సేత్తాను?” అంది రోజారమణి, దాన్ని రెండో కుండీలోకి మారుస్తూ.