పెద్దావిడ నడక

గోడకు వీపు ఆనించి, కుర్చీ లేకుండానే కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు మడిచి, ఆమె చిన్నకూతురికి జడ అల్లుతోంది. తొడలు వణుకుతున్నాయి. తొడల మీద కూర్చున్న చిన్నది అంకెలు లెక్కపెడుతోంది.

"తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది... అమ్మా, వంద దాటితే ఏమవుతుంది?"

"జడ అయిపోతుంది. కదలకు."

పెద్దది గుమ్మంలోంచి, "దీని బూటు ఒకటి కనిపించడం లేదు," అంది.

బూటు బట్టల బుట్ట అడుగున దొరికేసరికి ఇరవై నిమిషాలు హారతి కర్పూరంలా హరించుకుపోయాయి. అవి ఎక్కడ కోతపడతాయో ఆమెకు తెలుసు. పెద్దావిడ నడకలో.

పెద్దావిడంటే గుర్రం. గోధుమరంగు ముసలి ఆడగుర్రం. రోజూ పొద్దున్నే గుర్రపుశాలలో లద్దె ఎత్తి గడ్డి మార్చినందుకు ఆమెకు గంట స్వారీ; గోడకు ఆనిన ఆ కసరత్తు అందుకే. ఆ గంటా పిల్లలు గడ్డిమోపుల మీద కూర్చుని చదువుకుని, అక్కడినుంచే బడికి పోతారు. ఆమె ఆసుపత్రి లాండ్రీకి పోతుంది, దుప్పట్లు ఇస్త్రీ చేయడానికి. అక్కడ అందరూ జాకీ అంటారు, మూతి విరుస్తూ. పిల్లల తండ్రి గుర్రమా సంసారమా అని ఒకసారి అడిగి, జవాబు వినే ఓపిక లేక వెళ్ళిపోయాడు. రెండూ అనేదే ఆమె జవాబు.

పోయినేడు పెద్దావిడ ముందుకాలు వాచింది. అందరూ ఆశ వదిలేశారు. ఆమె వదల్లేదు. ఆర్నెల్లు మొదట తాడు పట్టుకుని, తర్వాత జీను మీద కూర్చుని నడిపించింది. ఇవాళ పశువుల డాక్టరు వచ్చి చూస్తాడు. కుంటితే ఇవాళే సాగనంపేస్తానని యజమాని ముందే చెప్పాడు.

వాళ్ళు వెళ్ళేసరికే డాక్టరు గడియారం చూసుకుంటున్నాడు.

"నడకలూ గిడకలూ తర్వాత. ముందు పరిగెత్తించు," అన్నాడు యజమాని.

ముసలికాళ్ళు నడకతో వేడెక్కనిదే పరిగెత్తవని తెలిసీ, ఆలస్యంగా వచ్చానన్న బెరుకుతో ఆమె జీనెక్కి డొక్కలకు మడమలు నొక్కింది. ముందుకాలు పడినప్పుడల్లా, కుంటే గుర్రాలకి ఎగిరినట్టే, పెద్దావిడ తల పైకి ఎగిరింది. డాక్టరు పెదవి విరిచాడు.

"చూశావుగా. దిగు."

"దిగను."

"ఏంటీ?"

"తప్పు నాది. నడిపించకుండా పరిగెత్తించాను. ఇరవై నిమిషాలు ఇవ్వండి."

"డాక్టరుగారు నీలాగా పనీపాటా లేనివాడనుకున్నావా?"

"పనీపాటా లేకే ఊరందరి దుప్పట్లూ ఇస్త్రీ చేస్తున్నానా అయ్యా? మంచం దిగీ దిగగానే పరిగెత్తమంటే మీరు మాత్రం కుంటరా?"

డాక్టరుకు నవ్వొచ్చింది. "ఈలోగా నేను టీ తాగొస్తాలే," అన్నాడు.

పనికి ఆలస్యమవుతోందని తెలిసే ఆమె నడిపించింది. పెద్ద పెద్ద చుట్లు, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి. బిగుసుకున్న వీపు కాస్త కాస్తగా వదులవడం తన నడుముకు తెలిసింది. అప్పుడు పరిగెత్తించింది. నెత్తిన నీళ్ళబిందె పెట్టినా తొణకనంత నిలకడగా ఉంది ఆ తల.

"కాలు శుభ్రంగా ఉంది. ఎవరు నయం చేశారో గానీ," అన్నాడు డాక్టరు.

గడ్డిమోపుల మీద పిల్లలు చప్పట్లు కొట్టారు.

లాండ్రీలో సూపర్‌వైజరు గుమ్మంలోనే కాచుకున్నాడు. "జాకీ గారూ, గుర్రం ఓడిపోయిందా?"

"గెలిచింది సార్. సగం రోజు సెలవు రాసుకోండి." ఇస్త్రీ మిషను ముందు మునివేళ్ళ మీద లేస్తూ, దిగుతూ మిగతా సగం రోజూ గడిపింది.

సాయంత్రం పిల్లలతో వెళ్తే పెద్దావిడ కొట్టం ఖాళీ.

"మధ్యాహ్నం వ్యాను వచ్చింది," అన్నాడు యజమాని, చేతులు కడుక్కుంటూ. "కాలు బాగుందని డాక్టరు రాసిచ్చాక కొనేవాడు ఆగుతాడా?"

"కుంటితే పంపేస్తానన్నారు."

"బాగుంటే ఉంచుతానన్నానా?"

అనలేదు. ఆమే అనుకుంది. వ్యాను ఎక్కడానికి పనికొచ్చేలా ఆర్నెల్లు తనే ఆ కాలు బాగుచేసి ఇచ్చింది.

చిన్నది ఏడుపు అందుకుంది. పెద్దది చెయ్యి లాగింది. "పద అమ్మా. ఇంక రావద్దు ఇక్కడికి."

ఆమె కదల్లేదు. "ఆ కరిచే నల్ల గుర్రాన్ని ఎవరూ ఎక్కడం లేదుగా? నాకివ్వండి."

"చెయ్యి కొరికేస్తుంది."

"కొరకనీండి, ఇంకోటుంది. రేపు ఐదున్నరకి వస్తున్నా. ముందు నడకే. డాక్టరొచ్చినా, మీరొచ్చినా అంతే."

ఆమె పిల్లల్ని చెరోపక్కా నడిపించుకుంటూ, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఖాళీ కొట్టంలో, గోడకు వేలాడుతున్న ఉప్పుగడ్డ మధ్య పెద్దావిడ నాలుక నాకి నాకి తొలిచిన గుంట, నున్నగా, ఇంకా తేమగానే ఉంది.