నాలుగో నంబరు ఫోటో

ఇంట్లో అందరూ ఆ పిల్లని డేగకళ్ళు అని పిలిచేవారు. ఊరికే వచ్చిన పేరు కాదది. ఎనిమిదేళ్ళప్పుడు హంతకుణ్ణి పట్టించింది మరి. అపార్ట్‌మెంటు మెట్ల మీద నాయనమ్మ మెడలో గొలుసు లాక్కుని, ఆవిణ్ణి కిందికి తోసేసి పారిపోయాడొకడు. మూడోరోజున ఆవిడ ఆసుపత్రిలో పోయింది. మెట్ల మలుపులో నిలబడి చూసింది ఈ పిల్ల ఒక్కతే. పోలీసులు ఆరు ఫోటోలు ముందు పెడితే తడుముకోకుండా ఒకదాని మీద వేలు పెట్టింది. లిఫ్టు బాగుచేసే అతను. యావజ్జీవం పడింది. గొలుసు మాత్రం దొరకలేదు.

పన్నెండేళ్ళుగా వాళ్ళ నాన్న ఈ కథ చెప్పని చుట్టం లేడు. యూనివర్సిటీలో నేరశాస్త్రం, మనస్తత్వశాస్త్రం కలిపి చదువుతానని ఆమె అన్నప్పుడు కూడా, "పుట్టుకతోనే వచ్చిన విద్య, ఇంక చదివేదేముంది" అని మురిసిపోయాడు.

ఆరోజు పాఠం సాక్షుల గురించి. మేడం ఇంకా హాజరు తీసుకుంటూనే ఉంది. ఎవరో ఆకుపచ్చ చొక్కా అతను గబగబా లోపలికొచ్చి, బల్ల మీదున్న ఆవిడ బ్యాగు తీసుకుని వెళ్ళిపోయాడు. వెంటపడబోయిన వాళ్ళని మేడమే ఆపి కూర్చోబెట్టింది. అరగంట పాఠం చెప్పి, అప్పుడు తలా ఒక కాగితం పంచింది. దాని మీద ఆరు ఫోటోలు.

"ఎవరో గుర్తుపట్టండి. ఎంత నమ్మకమో కింద రాయండి" అంది.

డేగకళ్ళకి ఇదో లెక్కా? నాలుగో నంబరు. నమ్మకం నూటికి నూరు. అందరికంటే ముందు కాగితం ఇచ్చేసి దర్జాగా కూర్చుంది.

మేడం కాగితాలన్నీ చూసి నవ్వింది. "వచ్చింది మా తమ్ముడు. ఈ ఆరుగురిలో వాడు లేనేలేడు. ఉన్నాడని నేను అన్నానా?"

క్లాసంతా గొల్లుమంది.

"సగం మంది నాలుగో నంబరు పెట్టారు. ఆయన మన గేటు దగ్గర జిరాక్స్ షాపాయన. అడిగే పెట్టాను ఫోటో. రోజూ చూసే మొహమే. తెలిసిన మొహమని మనసు పట్టేసుకుంది, ఎక్కడ చూశారో మాత్రం వదిలేసింది. ఖాళీ ఎక్కడుంటే అక్కడ ఆయన్ని కూర్చోబెట్టేసింది."

అందరూ నవ్వుతున్నారు.  ఆమె చెవిలో మాత్రం ఆనాడు ఫోటోలు చూపించిన ఇన్‌స్పెక్టరు మాట మోగింది. ఎంత ప్రేమగా అన్నాడో మహానుభావుడు: 'భయపడకమ్మా, వీళ్ళలోనే ఉన్నాడు, చూపించు.'

వరండాలోకి పరిగెత్తి అమ్మకి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆ లిఫ్టు అతన్ని నేను అంతకుముందు చూశానా?"

"ఇప్పుడెందుకే ఆ గొడవ?"

"చెప్పమ్మా."

"చూడకపోవడమేంటి? ఆ ముందు వారమంతా మన గుమ్మం ఎదురుగానే కదా పనిచేశాడు. తన టార్చిలైటు నీకిచ్చి ఆడుకోమనేవాడు. అన్నానికి పిలిచినా వచ్చేదానివి కాదు."

ఆమె ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుంది. 

"ఈ మాట పోలీసులకి చెప్పావా?"

 "ఎవరూ అడగలేదు కదే. నువ్వు అంత గట్టిగా చెప్పాక మేమేం మాట్లాడతాం? అతను మాత్రం నేను కాదు, నేను కాదు అని కోర్టులో ఏడుస్తూనే ఉన్నాడు. దొంగ ఏడుపు అనుకున్నాం."

మేడం గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది.  మేడం నవ్వు మొహం మాడిపోయింది. లేచి తలుపు వేసి, తెల్లకాగితం ఒకటి ముందు పెట్టింది.

"కేసు మళ్ళీ తెరిపించడానికి లాయరుతో నేను మాట్లాడతాను. ముందు ఆరోజు ఏం చూశావో రాయి. తర్వాత విన్నవి వద్దు, చూసింది మాత్రమే."

కళ్ళు మూసుకుంది. లిఫ్టు అతని మొహం ఇట్టే కనిపించింది. చేతిలో టార్చిలైటు, నవ్వుతున్నాడు. నాయనమ్మని తోసినవాడు నవ్వుతూ ఎందుకుంటాడు? మనసులో మళ్ళీ ఆ మెట్ల దగ్గరికి వెళ్ళింది. నాయనమ్మ కేక, చెయ్యి, కిందికి దూకుతూ పోతున్న గళ్ళ చొక్కా. అంతే. ఎంత వెతికినా ఆ మెట్ల మీద మొహమే లేదు.

'నేను చూసింది వీపు' అని రాసింది. 

మేడం చదివి, కాగితం మళ్ళీ ఆమె ముందుకు జరిపింది.  "పైన జైల్లో ఉన్న ఆయన పేరు రాయి. లాయరుకి ఇవ్వాలంటే పేరు కావాలి."

పెన్ను కాగితం మీద పెట్టింది. పన్నెండేళ్ళు, వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ కథ వినిపించారు ఇంట్లో. అందులో ఆయన పేరు ఒక్కసారి కూడా లేదు.