నాగూర్ బాషా ఫోను

ఫోన్‌ని కిటికీ ఊచకి రబ్బరు బ్యాండుతో బిగించి, నాగూర్ బాషా దాని వైరు తన కంప్యూటర్‌కి గుచ్చాడు. ఆ కంప్యూటర్ నుంచి గోడమీది చిన్న డబ్బాకి ఒక తీగ, డబ్బా నుంచి మిగతా మూడు కంప్యూటర్లకి మూడు తీగలు. రోడ్డు తవ్వే మిషను కేబుల్ తెంపి నాలుగు రోజులైంది. అప్పట్నుంచి రేపల్లెలోని ఈ లారీల ఆఫీసు మొత్తం ఒక గుమాస్తా ఫోను మీద బతుకుతోంది. ఆ రేకుల షెడ్డులో నెట్టు అందేది ఆ ఒక్క ఫోనుకే. అదీ ఆ ఊచ దగ్గరే.

యాభై రెండేళ్ళ మనిషి. తెరముందు వంగి వంగి మెడ అలాగే బిగుసుకుపోయింది. రెండు చూపుడువేళ్ళతోనే టైపు కొడతాడు; ఆ రెండు గోళ్ళూ చీలిపోయి ఉంటాయి. పొద్దుటి రైల్లో తెనాలి నుంచి రావడం, సాయంత్రం రైల్లో పోవడం. ఇరవై రెండేళ్ళ బతుకు ఆ రెండు రైళ్ళ మధ్యే అరిగిపోయింది. సెలవడగడం ఆయనకి చేతకాదు. ఇవాళ మాత్రం పన్నెండింటి నుంచి అడిగాడు. బాపట్ల ఆస్పత్రిలో కూతురు ముబీనాకి రెండింటికి కాన్పు ఆపరేషను. ఆ పిల్లది ఎక్కడా దొరకని రక్తం. తండ్రిదీ అదే. పన్నెండుకి బయల్దేరితే చాలన్నాడు డాక్టరు. ఈలోపే కావాల్సొస్తే కూతురి పక్కనే ఉన్న భార్య జానీ బీ ఫోను చేస్తుంది.

పదింటికి మోగింది. ఆ పాత ఫోనుకి ఒక జబ్బుంది: కాల్ వస్తే నెట్టు పోతుంది. నాలుగు తెరలూ ఒక్కసారే బిగుసుకున్నాయి. సగం నింపిన లారీ బిల్లు ఎగిరిపోయింది.

"ఎవడ్రా అది!" ఓనరు కిరణ్ కుమార్ విసిరిన స్టాప్లర్ బాషా చెవి పక్కనుంచి పోయి గోడకి తగిలి ముక్కలైంది.

"మా ఆవిడండి. ఇంకా ఏం లేదంట. ఊరికే చేసింది."

"ఊరికే చేస్తే బయట నా లారీలు చస్తన్నాయి!"

నాలుగు లారీల రొయ్యలు. బిల్లు లేనిదే బండి కదలదు, ఐసు మాత్రం కరుగుతూనే ఉంటుంది. నిజాంపట్నం నుంచి సరుకు తెచ్చిన సింగరయ్య, నీళ్ళు కారుతున్న రొయ్యల ట్రే ఎత్తి అద్దాల తలుపు మీద వేసి కొట్టాడు. అద్దమూ రొయ్యలూ కలిసి నేలంతా పరుచుకున్నాయి.

"ఏం బాబూ, నీ కంప్యూటర్లకి మంత్రసానిని పిలిపించమంటావా? మధ్యాహ్నానికి ఈ సరుకు కుక్కలు కూడా తినవు!"

సింగరయ్య మీద చెయ్యెత్తే దమ్ము కిరణ్ కుమార్‌కి లేదు. లేచిన చెయ్యి ఎక్కడో ఒకచోట పడాలి. బాషా చెంప మీద పడింది. చిన్నప్పుడు ఆ చేతికి మౌసు పట్టుకోవడం నేర్పింది బాషాయే.

"నీ కాల్స్ నా ఫోనుకి డైవర్ట్ చెయ్. మీవాళ్ళు చేస్తే నేను చెబుతా."

ఆఫీసులో ఆ పని తెలిసినవాడు బాషా ఒక్కడే. ఆయనే చేశాడు. కూతురి కబురు తీసుకెళ్ళి తన చేతులతోనే ఓనరు జేబులో పెట్టాడు.

ఒక బిల్లు. రెండో బిల్లు. కిరణ్ కుమార్ రెండుసార్లు ఫోను చెవికి పెట్టుకుని బయటికి పోయాడు, వచ్చాడు.

"ఏమన్నా వచ్చిందాండీ?"

"వస్తే చెప్పనా? కొట్టు ముందు."

పదకొండున్నరకి మూడో బిల్లు అయింది. టేబుల్ మీద ఓనరు ఫోను గిరగిరా తిరుగుతూ వణికింది. ఆయన నొక్కి కట్ చేశాడు. మళ్ళీ వణికింది. బాషా తొంగి చూశాడు.

"అది మా ఆవిడ నంబరండీ."

కిరణ్ కుమార్ గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "ఒక్క బండి బాబాయ్. ఒక్క బండే ఉంది. పదిన్నరకే చేసింది. చెబితే ఫోను పట్టుకుని పోతావని..."

బాషా కిటికీలోంచి ఫోను పీకేశాడు. కిరణ్ కుమార్ కాగితాలకి చిల్లులు పొడిచే ఇనుప మిషను తీసి కణత మీద కొట్టాడు. రక్తం కంట్లోకి, చొక్కా మీదికి, కీబోర్డు మీదికి. బాపట్లలో చుక్క చుక్కకీ కొరతైన రక్తం, ఇక్కడ రేపల్లెలో నేలపాలు. జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి గోడమీది డబ్బాని తీగలతో సహా ఊడబెరికి ఓనరు మొహం మీద మోదాడు. పన్ను ఊడి రొయ్యల్లో పడింది.

అరుపులకి సింగరయ్య లోపలికి దూకాడు. "ఏంటిది?"

"నా కూతురికి రక్తమియ్యాలి సింగరయ్యా. పదిన్నరకే పిలిచారంట. చెప్పలేదు."

"నా రొయ్యల కోసమా?" సింగరయ్య కిరణ్ కుమార్ పీక పట్టి అద్దం పెంకుల మీదికి తోశాడు. తర్వాత అటు చూడలేదు. "బండెక్కు అన్నా. ఎక్కు!"

సింగరయ్య మోటరు సైకిలు బాపట్ల దారిలో పిట్టలవానిపాలెం దాటింది. అప్పుడు సింగరయ్య గాలిలోకి అరిచాడు: "గట్టిగా అదిమిపట్టు, పోనీకు! ఆ పిల్లకి కావాలి!" బాషా అరచేత్తో కణత అదిమిపట్టుకున్నాడు.

ఆస్పత్రి మెట్ల మీద జానీ బీ కూర్చుని ఉంది. ఏడవడం లేదు. మొగుడి మొహం మీది రక్తం వంక కూడా చూడలేదు.

"పన్నెండుంపావుకి పోయిందండీ. బాబు బతికాడు." చేతిలోని ఫోను చూపిస్తూ అంది, "ఫోనెత్తినాయన చెబుతానన్నాడు. రెండోసారీ చెబుతాననే అన్నాడు."

బాషా ఆమెని దాటుకుని లోపలికి నడిచాడు. రక్తం తీసే గదిలో ఎవరూ లేరు. మంచం మీద దుప్పటి మడత కూడా చెదరలేదు. పక్కన స్టీలు ట్రేలో, మూత తియ్యని సూది, దానికి తగిలించిన ఖాళీ సంచి. దాని మీద నీలి ఇంకుతో ఎవరో తొందరగా రాసిన పేరు, నాగూర్ బాషా, తండ్రి.