పెద్దమ్మ, రెండు సెంటు సీసాలు

ఆ ఇంటికి వచ్చిన ఏ పొట్లమూ పెద్దమ్మ చెయ్యి పడకుండా సొంతదారుకు చేరిన పాపాన పోలేదు. కవరుకు ఆవిరి పట్టి ఊడదీయడం, లోపలున్నది చూసి "ఓస్, ఇంతేనా" అనుకోవడం, ఏమీ ఎరగనట్టు మళ్ళీ అంటించి బల్ల మీద పెట్టడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. ఈ సంగతి మూడో కంటికి తెలియదని ఆవిడ నమ్మకం. ఇంటిల్లిపాదికీ తెలుసు.

అందుకే చెల్లెలి కూతురు చిట్టి రెండు సెంటు సీసాలు తెచ్చి, "వీటి సీలు ఎవరికీ తెలీకుండా విప్పి మళ్ళీ పెట్టెయ్యాలి పెద్దమ్మా, నీవల్ల అవుతుందా?" అనేసరికి ఆవిడ ముఖం జేవురించింది.

"నాకేం తెలుసే అలాంటి పాడు పనులు!"

"పుట్టినరోజుకి నీకోసం చుట్టి దాచిన శాలువా ముందే విప్పి చూశావు. టేపు అడ్డంగా అంటించావు."

పెద్దమ్మ తేలు కుట్టిన దొంగలా చూపు సీసాల మీదికి తిప్పింది.

చిట్టి సెంట్లు తయారు చేస్తుంది. ముందు గది కొట్టు, వెనక గదిలో సీసాలు నింపుతుంది. ఈమధ్య ఎవరో ఆమె ఖాళీ సీసాలు ఏరుకుపోయి, రంగునీళ్ళు పోసి, సీలు అతికించి అమ్ముతున్నారు. ఒకావిడ మెడనిండా దద్దుర్లతో కొట్టుకొచ్చి పదిమంది ముందూ చిట్టిని కడిగిపారేసింది. ఇలాంటిది ఇంకొకటి జరిగితే కొట్టు మూసుకోవలసిందే. రాత్రనకా పగలనకా వాసనలు చూసి చూసి సంపాదించుకున్న పేరు ఎవడివో రంగునీళ్ళలో కొట్టుకుపోతుంటే చిట్టికి తిండి సహించడం లేదు.

"మూత మీది కాగితంలో వెంట్రుకంత తీగ ఉంది, దాని చివర చిప్పుంది," అంది చిట్టి. "ఫోను దగ్గర పెడితే ఇది మా సీసాయేనా, సీలు తెగిందా అన్నది చెబుతుంది. ఎర్రచుక్క దానిలో చిప్పు, సీలు ఇప్పుడెలా ఉంటే అలా చెబుతుంది. నీలంచుక్క దానిలోది, సీలు తెగినట్టు ఒక్కసారి చూసిందంటే చచ్చినా మర్చిపోదు. ఖరీదు ఎక్కువ. ఏది కావాలో చిప్పులు పంపేవాళ్ళకు సాయంత్రంలోగా చెప్పాలి."

"అయితే నన్ను దొంగగా కుదుర్చుకుంటున్నావన్నమాట."

"నీకంటే చెయ్యి తిరిగినవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?"

ఆ పొగడ్తకు పెద్దమ్మ పడిపోయింది. కళ్ళజోడు తుడుచుకుని, జడలోని పిన్ను తీసి, ఎర్రచుక్క సీసా అందుకుంది. ఆవిరికి కాగితం లేచింది, తీగ తెగింది. ఆవిడ సెంటు కాస్త చెవి వెనక రాసుకుని మూత పెట్టింది. తన మందుబిళ్ళల అట్ట నుంచి రేకు గీకి, తెగిన చోట వేసి అతికించింది. చిట్టి ఫోను పెట్టింది. 'సీలు భద్రం' అంది తెర. చిట్టి ముఖం పాలిపోయింది, పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది.

నీలంచుక్క సీసా సీలు విప్పేసరికి కొట్లోంచి ఎవరో పిలిస్తే చిట్టి ఫోను బల్ల మీద వదిలి వెళ్ళింది. పెద్దమ్మ సీసాను చూసింది, ఫోనును చూసింది. ఈ చిప్పుముండ ఇప్పుడేమంటుందో! ఆవిడ ప్రాణం ఊరుకుంటుందా? ఫోను దగ్గర పెట్టింది. 'సీలు తెరిచారు.' "అబ్బో," అనుకుని, మొదటిదానికంటే శుభ్రంగా రేకు వేసి అతికించింది.

చిట్టి తిరిగొచ్చి ఫోను పెట్టి చూస్తే తెర మీద అదే మాట. పెద్దమ్మ సీలు నొక్కింది, రుద్దింది, రేకు మార్చింది. చిప్పు మాట మార్చలేదు. జీవితంలో మొదటిసారి ఒక చిప్పుకు పట్టుబడినందుకు ఆవిడకు నిజంగానే బాధ వేసింది.

"మధ్యలో ఫోను పెట్టావా?"

"ఊరికేనే. ఏమంటుందోనని."

"చిప్పుకి బ్యాటరీ ఉండదు పెద్దమ్మా. ఫోను దగ్గరికొస్తేనే దానికి మెలకువ. నువ్వు పెట్టకపోయుంటే దీన్నీ బోల్తా కొట్టించేదానివి." చిట్టి స్టూలు మీద కూలబడింది. "దొంగవెధవ ఫోనెందుకు పెడతాడు? రెండూ దండగే."

పెద్దమ్మ నీలంచుక్క సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత అడిగింది: "వాడు ఏరుకునేవి ఖాళీ సీసాలేగా?"

"అవును."

"అంటే వాడికంటే ముందు కొన్నవాళ్ళు విప్పుతారు. విప్పాక ఇదేమంటుందో చూడకుండా ఉంటారటే?"

"అందరూ నీలాగే ఉంటారా?"

"అందరికీ ఉంటుందే ఆ దురద! నేను ఒప్పుకుంటాను, వాళ్ళు ఒప్పుకోరు." ఆవిడ ఒప్పుకోవడం అదే మొదటిసారని చిట్టి గుర్తు చేయలేదు. "ఇందులో ఏ పూలు కలిపావో సీలు తీశాకే ఫోనులో చెబుతుందని పెట్టె మీద రాయించు. చచ్చినట్టు ఫోను పెడతారు. ఆ పైన వాడు ఎంత అందంగా అతికించుకున్నా, ఇది మర్చిపోతేగా!"

చిట్టి స్టూలు మీంచి ఎగిరి లేచింది. అప్పటికప్పుడు చిప్పులు పంపేవాళ్ళకు ఫోను చేసి నీలంచుక్కవే కావాలని చెప్పింది. ఫోను పెట్టేసి, పెద్దమ్మ భుజం మీద తల వాల్చి బావురుమంది.

పెద్దమ్మ ఆమె వీపు నిమిరింది.

"ఓడిపోయింది నేనైతే నువ్వు ఏడుస్తావేమే?"