ఒళ్లంతా సూదిపోట్లు

నేను ఒక నీళ్ల పైపును. నాగవేణికి మతి చలించిందని, పట్టపగలు పొయ్యి ముందు కూర్చుని సూది కాల్చి కాల్చి పైపును పొడుస్తోందని ఎదురింటి సుంకులమ్మ పాలకేంద్రం దగ్గర చెప్పిందట. విన్నవాళ్లు మరికొంచెం కలిపారట: అది ఉత్త పొడవడం కాదు, తోడికోడలు తిప్పక్క మీద చేతబడి అని. పోట్లు తిన్నది నేను. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

పగిలిన బకెట్లు, తెగిన చెప్పులు కరిగించి నన్ను తయారు చేశారు. పుట్టుక గొప్పది కాకపోయినా బతుకు దర్జాగానే మొదలైంది. సంతలో నన్ను కొని, చుట్టగా భుజాన వేసుకొచ్చింది తిప్పక్కే. అప్పుడు అది ఉమ్మడి ఇల్లు, ఆమె పెద్దకోడలు, బోరు నిండా నీళ్లు. నా నోటికి బొటనవేలు అడ్డం పెట్టిందంటే నీళ్లు వీధి అవతలికి ఎగిరేవి. వాకిలి, బర్రెలు, గోడలు, దారిన పోయే కుక్కలు, అన్నీ తడిసేవి. చెట్టు పాదు నిండి, పొర్లి, మురుక్కాలువలో కలిస్తేనే ఆమె లెక్కలో నీళ్లు పెట్టినట్టు. చెట్టు తాగేది గుక్కెడే. మిగతాదంతా చూసేవాళ్ల కళ్ల కోసం.

తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డారు. పెద్దమనుషులు కూర్చుని చాలా న్యాయంగా పంచారు. బోరు పెద్దవాళ్లకు, పైపు చిన్నవాళ్లకు. చిన్నకోడలు నాగవేణికి రోజూ ఒక డ్రమ్ము నీళ్లివ్వాలన్నారు. తిప్పక్క అక్కడే మెలిక పెట్టింది.

"ఎండిపోయే పెరటికి నీళ్లెందుకు పోయాల? ఎండాకాలం దాటేలోపల పెరడు ఎండితే డ్రమ్ము లేదు. తాగేకి బిందెడు ఇస్తా, అంతే."

పెద్దమనుషులు సరేనన్నారు. వానలకు ముందు వచ్చి చూస్తామన్నారు.

డ్రమ్ము నీళ్లు నా పాత పద్ధతిలో రెండు చెట్లకు కూడా రావు. నాగవేణి పెరట్లో కాకర పందిరి, వంగ, మిరప, కరివేపాకు ఉన్నాయి. ఆ ఇంటి కూర అంతా అక్కడిదే. ఆమె చీనీతోటలో, అదే బత్తాయి తోటలో, కూలికి పోయినప్పుడు చెట్టు మొదట్లో బొట్టు బొట్టుగా నీళ్లు పెట్టే డ్రిప్పు చూసింది. ఇంటికొచ్చి, చెట్టు మొదలు పడే చోటల్లా నన్ను కాల్చిన సూదితో పొడిచింది. నా నోరు మడిచి తీగతో కట్టింది. డ్రమ్మును బండల మీద ఎక్కించి, రెండో కొనను దానికి తగిలించింది. నా మీద చెనిక్కాయ, అంటే వేరుశనగ పొట్టు కప్పింది, నేల తడి ఆరకూడదని. వీధి తడిపిన నేను, పొట్టు కింద బొట్టు బొట్టుగా కన్నీళ్లు కార్చాలి.

పగ పట్టాను. పైపు పగ ఎలా ఉంటుందంటారా? ఆ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. పారే ఉప్పును కొంచెం కొంచెంగా పట్టి, నా చివరి పోట్లన్నీ పూడ్చుకున్నాను. పొట్టు కింద ఏం జరుగుతోందో ఎవరికీ కనబడదు. మొదటి చెట్లు తాగీ తాగీ బలిశాయి. చివర, తిప్పక్క గోడ పక్కనున్న కాకర, మిరప తలలు వాల్చాయి. నాకు కడుపు నిండింది.

నాగవేణి గోడ దగ్గరికి వెళ్లి అడిగింది. "ఈ ఒక్క వారం ఇంకొక డ్రమ్ము ఇయ్యక్కా. చివర చెట్లు సచ్చిపోతాండాయి."

"నీ సూదుల సేద్యం చూసినం లేమ్మే. ఒక డ్రమ్మంటే ఒకటే."

అంతటితో ఊరుకుంటే తిప్పక్క గెలిచేదే. పగ ఎవరినీ ఊరికే కూర్చోనివ్వదు. నాగవేణి రేషన్ షాపుకు పోయిన పూట, గోనెసంచులు కుట్టే డబ్బనం పట్టుకుని తిప్పక్క గోడ దిగింది. పోట్లు పెద్దవైతే నీళ్లు ఒక్కసారిగా కారిపోయి, పెరడంతా మాడుతుందని ఆమె ఆలోచన. గోడ పక్క నుంచి మొదలుపెట్టి, నేను కష్టపడి కట్టుకున్న ఉప్పునంతా పోటు పోటుకూ పగలగొట్టింది. సగందాకా వచ్చేసరికి గేటు గొళ్లెం చప్పుడైంది. గోడెక్కి పోయింది.

ఆ సాయంత్రం నుంచి నీళ్లు చివరిదాకా సమంగా పారాయి. చెట్లు లేచాయి. ఇద్దరం పగబట్టి ఒక పెరడును బతికించాం.

పెద్దమనుషులు వచ్చారు. వాళ్లలో లింగారెడ్డి పందిరి కింద వంగి పొట్టు తీసి, తడి మన్ను వేళ్లతో నలిపి చూశాడు. "డ్రమ్ముతో ఇంత పచ్చగా పెట్టినావంటే నీ వాటా నీదేనమ్మా. చివరివి వాడినాయని ఊర్లో అంటాండిరే, ఎట్లా లేసినాయి?"

"నాకూ తెలీదు మామా. ఆ దేవుడే దారి సూపించినాడేమో" అంది నాగవేణి.

తిప్పక్క గోడ అవతలే నిలబడి ఉంది. రోజూ డ్రమ్ము నీళ్లు ఇవ్వక తప్పదన్న మంట కన్నా, తన కష్టం దేవుడి ఖాతాలో పడిందన్న మంట ఎక్కువైనట్టుంది.

"దేవుడెవరు? డబ్బనంతో పొడిసింది నేను. నేను పొడవకుంటే ఎప్పుడో ఎండిపోయుండు దీని పెరడు."

లింగారెడ్డి చేతిలోని మన్ను జారవిడిచాడు. నాగవేణి ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఎండబెట్టేకి వచ్చి తడిపి పోయినావు. నీకు పగ పట్టేది కూడా చేతగాదక్కా."