ఏడు-బి తవ్వకాలు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఆయన అంటే ఒప్పుకోను గానీ, నేనే చెప్పుకుంటే తప్పులేదు. ఏడో తరగతికి చరిత్ర చెప్పే మనిషికి ఆమాత్రం కోపం ఉండాలి కూడా. లేకపోతే ఆ పిడుగులు నెత్తికెక్కి కూర్చోరూ! మా స్కూల్లో మిగతా సెక్షన్లు చేపల మార్కెట్టులా ఉంటే, నా ఏడు-బి లో మాత్రం సూది పడినా వినిపిస్తుందని స్టాఫ్ రూములో గొప్పలు పోయేదాన్ని. "ఎలా సాధించారండీ?" అని లెక్కల మాస్టారు అడిగితే, "ఏముంది, ఒక్క చూపు చూస్తే చాలు, కిక్కురుమనరు" అనేదాన్ని.

అసలు సంగతేమిటంటే, ఆ గదిలో సూది పడితే వినిపించనిది నాకొక్కదానికే.

కొంతకాలంగా నా చెవులు మొరాయిస్తున్నాయి. శబ్దం తెలుస్తుంది, మాట తెలియదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పోల్చుకుంటాను. వెనక నుంచి పిలిస్తే మాత్రం గోడకు చెప్పినట్టే. మా ఆయన పోస్టాఫీసు నుంచి రాగానే ముందు టీవీ సౌండు తగ్గించి, ఆ తర్వాత చెప్పులు విప్పుతాడు. "డాక్టరుకి చూపించుకోవే బాబూ" అంటాడు. "మీరు గొణగడం మానేస్తే డాక్టరెందుకు?" అంటాను. మా అత్తయ్యయితే ఈమధ్య నాతో మాట్లాడే ప్రతి మాటా పక్కింటివాళ్లక్కూడా పనికొచ్చేలా మాట్లాడుతోంది.

స్కూల్లో చెప్పకపోవడానికి కారణం ఉంది. చూపు మందగించిన సైన్సు టీచర్ని ఆమధ్య "కాస్త విశ్రాంతిగా ఉంటుంది" అంటూ లైబ్రరీకి పంపేశారు. పాపం, ఆవిడ అక్కడ పుస్తకాలకి అట్టలు వేసుకుంటూ కూర్చుంటుంది. పిల్లలు లేని గదిలో కూర్చోవడం నావల్ల కాదు. నాకు పిచ్చెక్కుతుంది. ఉన్నమాట చెబుతున్నాను.

ఇంతలో ఎవరో తండ్రి వచ్చి ఫిర్యాదు చేశాడు. "మా అమ్మాయి ఒకటి అడిగితే చరిత్ర టీచరు ఇంకొకటి చెబుతున్నారు" అని. మా హెడ్మిస్ట్రెస్‌ని అందరం పెద్ద మేడం అంటాం. ఆవిడ నన్ను పిలిచి, "శుక్రవారం మీ క్లాసులో కూర్చుంటాను. చూశాక ఒక నిర్ణయానికొద్దాం" అన్నారు. ఏం నిర్ణయమని నేను అడగలేదు. లైబ్రరీలో రెండో కుర్చీకి చోటుందని నాకు తెలుసు.

పాఠం సంగతి కూడా చెప్పాలి. రాజుల పేర్లూ యుద్ధాల తేదీలూ బట్టీ పట్టించడం మీద నాకు ఎప్పుడో విరక్తి పుట్టింది. అందుకే ఈ ఏడాది, ఏ ప్రాచీన జనం గురించి చదివినా నాలుగు భావనలు పట్టుకోమన్నాను. అధికారం, అంటే అక్కడ ఎవరి మాట చెల్లింది? నమ్మకం, అంటే దేనికి తలవంచారు? మారకం, అంటే ఎవరితో ఏం ఇచ్చిపుచ్చుకున్నారు? నాలుగోది సర్దుబాటు. తమకు లేనిదాన్నీ, తమని ఇబ్బంది పెట్టినదాన్నీ ఎలా దాటుకొచ్చారు?

మొదట్లో నా ప్రాణం తోడేశారు. ఏ బొమ్మ చూపించినా "దేవుడి కోసం టీచర్" అనడమే. కుండ దేవుడి కోసం. మెట్లు దేవుడి కోసం. చివరికి దువ్వెన కూడా దేవుడి కోసమే. "ఆ జనానికి దేవుడి తల దువ్వడం తప్ప వేరే పనే లేదట్రా?" అని అరిచాను. నది ఒడ్డున ఇళ్లకి గడపలు నడుమెత్తున ఎందుకు కట్టుకున్నారంటే, "రాజుగారి ఆజ్ఞ" అన్నాడొకడు. "వరదొస్తే రాజుగారి ఆజ్ఞ చూసి నీళ్లు వెనక్కి పోతాయా?" అన్నాను. అప్పటికి బుర్రకెక్కింది. మొదట తోచిన జవాబు దగ్గర ఆగొద్దనీ, సాక్ష్యం ఒప్పుకుంటేనే మీరూ ఒప్పుకోండనీ, చివర్లో తెలియనిదేమిటో కూడా దాచకుండా చెప్పాలనీ నూరిపోశాను.

శుక్రవారానికి నేనో ఎత్తు వేశాను. పిల్లలే మాట్లాడితే నేను ప్రశ్నలు వినాల్సిన పని తప్పుతుంది కదా! "మీకు తెలిసిన చోటు ఏదైనా తీసుకోండి. వేల ఏళ్ల తర్వాత తవ్వకాల్లో బయటపడిందనుకుని, అక్కడి జనం గురించి మన నాలుగు భావనలతో చెప్పండి" అన్నాను. ఏ చోటో మాత్రం చెప్పమన్నా చెప్పలేదు. "రహస్యం టీచర్" అన్నారు. బస్టాండో బేకరీయో అయివుంటుందని ఊరుకున్నాను.

ఆ రోజు పెద్ద మేడం వచ్చి అందరికన్నా వెనక బెంచీలో కూర్చున్నారు. ఆవిడ అక్కణ్ణుంచి ఏమన్నా నాకు అందదు.

ముందుకొచ్చింది లాయరు. ఆ పేరు నేను పెట్టిందే. ఆ పిల్ల గుడ్ మార్నింగ్ చెప్పినా కోర్టులో వాదిస్తున్నట్టే ఉంటుంది. కిటికీ పక్కన నిలబడి, నావైపు తిరిగి మొదలుపెట్టింది.

"మేం తవ్వింది ఒక గది టీచర్. దాని పేరు ఏడు-బి."

క్లాసంతా కిసుక్కుమంది. నాకూ నవ్వొచ్చింది.

"ఈ జనానికి వింత అలవాట్లున్నాయి. కూర్చుని ఎవరూ మాట్లాడరు. ఏం చెప్పాలన్నా లేచొచ్చి ఇక్కడ, వెలుగులో నిలబడాలి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట్లాడకూడదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకూడదు. బల్లలు వరసగా ఉండవు, టీచర్ చుట్టూ వంపుగా ఉంటాయి. అన్నిటికన్నా వింతేంటంటే, ఎంత ఉక్కపోసినా టీచర్ బల్ల పైనున్న ఫ్యాను మాత్రం ఆపేస్తారు."

నేను గర్వంగా పెద్ద మేడం వైపు చూశాను. ఇదంతా నా క్రమశిక్షణే మరి! ఆ ఫ్యాను మాత్రం పాడైపోయిందనుకున్నాను ఇన్నాళ్లూ.

"మేం మొదట అధికారం అనుకున్నాం. టీచర్‌కి కోపం ఎక్కువ కదా, భయపడి చేస్తున్నారేమోనని" అంది లాయరు.

"అంతేగా మరి!" అన్నాను.

"కాదు టీచర్. సాక్ష్యం ఒప్పుకోలేదు."

అప్పుడు పొడుగోడు, ఇదీ నేను పెట్టిన పేరే, లేచొచ్చి ఆ పిల్ల పక్కన నిలబడ్డాడు. "భయమే అయితే లెక్కల సార్ క్లాసులో ఇంకా ఎక్కువ చెయ్యాలి కదా టీచర్. ఆయన్ని చూస్తే మాకు ముచ్చెమటలు. అయినా అక్కడ కూర్చునే మాట్లాడతాం, గుసగుసలాడుకుంటాం, ఫ్యాన్లన్నీ తిరుగుతూనే ఉంటాయి. మీరంటే మాకు భయమేం లేదు టీచర్. మీరు ఊరికే అరుస్తారు, అంతే."

అబ్బ, ఎంత మాటన్నాడు! స్టాఫ్ రూములో పోయిన గొప్పలన్నీ ఒక్క దెబ్బతో గంగలో కలిశాయి.

"నమ్మకం కూడా కాదు. ఫ్యానుకి ఎవరూ మొక్కరు" అంది లాయరు. "దీనికి బదులుగా మార్కులేమన్నా ఎక్కువేస్తారా అంటే, మీ సంగతి తెలిసిందే. కాబట్టి మారకమూ కాదు. ఇక మిగిలింది సర్దుబాటు."

చాల్లే, ఇక కూర్చోమందామనుకున్నాను. ఈలోగానే అది అందుకుంది.

"నది పొంగే చోట గడపలు ఎత్తుగా కట్టుకున్నారు కదా టీచర్, ఇదీ అలాంటిదే. ఈ జనంలో ఒకరికి సరిగ్గా వినపడదు. కానీ వాళ్లకి ఆ మనిషి చెప్పే పాఠమే కావాలి. అందుకని పెదాలు కనిపించేలా, ఫ్యాను చప్పుడు అడ్డురాకుండా గదిని మార్చుకున్నారు."

అది బయటపడితే నాకేమవుతుందో వాళ్లకి తెలియనే తెలియదు. పొడుగోడు పొడుగ్గా ఉన్నట్టే, టీచరుకి సరిగ్గా వినపడదు, అంతే వాళ్ల లెక్క. నాకు మాత్రం సిగ్గు ముంచుకొచ్చింది, దాని వెనకే ఏడుపు తన్నుకొచ్చింది.

వెనకనుంచి పెద్ద మేడం ఏదో అన్నారు. నాకు పెదాలు కదలడమే కనిపించింది. మామూలుగా అయితే తలూపేసి ఊరుకునేదాన్ని. లాయరు నావైపు తిరిగి, "ఫిర్యాదు సంగతేంటని మేడం అడుగుతున్నారు టీచర్" అంది.

పొడుగోడు మొహం నావైపే పెట్టి అందుకున్నాడు. "అది మొన్న చేరిన కొత్తమ్మాయి మేడం. మన అలవాట్లు తెలీక వెనక బెంచీ నుంచే అడిగేసింది. ఇప్పుడు నేర్పించేశాం."

కొత్తమ్మాయి బుద్ధిగా తలూపింది.

"ఇక తెలియనిది ఒక్కటే మిగిలింది" అంది లాయరు. ఈసారి దాని గొంతులో వాదన లేదు. "అంతమంది సర్దుకున్నారు కదా, ఆ టీచరు ఎందుకు చెప్పలేదు?"

చరిత్రలో ఇంతకన్నా సూటైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "భయమేసిందర్రా" అన్నాను. "చెబితే మిమ్మల్ని నాకు కాకుండా చేస్తారని."

పెద్ద మేడం లేచి, బల్లల మధ్యగా నడిచొచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. "చెప్పి ఉంటే బాగుండేది" అన్నారు నెమ్మదిగా, ప్రతి మాటా విడమరిచి. "ముందు సెలవు పెట్టి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. మిషనో ఏదో పెడతారు. ఈ క్లాసు ఎవరికీ ఇవ్వను. ఇచ్చినా వీళ్లు ఊరుకునేలా లేరు."

నాకు కన్నీళ్లు ఆగలేదు. పిల్లల ముందు ఏడవడం ఇష్టంలేక బోర్డు వైపు తిరిగి, తుడవనక్కర్లేని బోర్డునే తుడుస్తూ, నోట్లోనే ఏదో అన్నాను. వెనక ఏం జరుగుతోందో నాకు తెలియదు కదా. కాసేపటికి లాయరు చుట్టూ తిరిగొచ్చి, నాకూ బోర్డుకీ మధ్య దూరింది.

"టీచర్, మీరేదో అన్నారు. మాకెవ్వరికీ వినపడలేదు. ఇటు తిరిగి చెప్పండి."

డస్టరు పక్కన పెట్టాను. కిటికీ దగ్గరికి వెళ్లి, ముక్కు ఎగబీల్చుకుంటూనే, వాళ్ల వైపు తిరిగి నిలబడ్డాను.

"ఇన్నాళ్లూ మిమ్మల్ని నేను దారిలో పెట్టాననుకున్నానర్రా" అన్నాను గట్టిగా. "మీరే నన్ను కనిపెట్టుకుని ఉన్నారు. ఈ మేలు నేను బతికున్నంతకాలం మర్చిపోను. వినపడిందా?"

"వినపడింది టీచర్" అన్నారు, ఎప్పుడూ లేనిది, అందరూ ఒక్కసారే.