కసీల్దా వడకట్టు గుడ్డ

కసీల్దాది గొప్ప హస్తవాసి. మోరా లోయలో ఎవరి కన్ను ఎర్రబడినా ముందు ఆమె గుమ్మమే తొక్కేవారు. ఎండబెట్టిన సీమచేమంతి పూలు గుప్పెడు, సలసల మరిగిన నీళ్ళు, చిటికెడు ఉప్పు. చల్లారాక వాళ్ళమ్మ ఇచ్చిన తెల్లగుడ్డలో మూడుసార్లు వడకట్టడం, వడకట్టిన ప్రతిసారీ కళ్ళను కాచే సాంతా లూసియాకు ఒక దండం. మందంటే అంతే. మనుషులకూ అదే, గొర్రెలకూ కుక్కలకూ అదే. యాభై ఏళ్ళలో ఆ నీళ్ళు ఎవరికీ అపకారం చేయలేదు. ఈ ముక్క ఆమే చెప్పుకునేది, అడిగినా అడగకపోయినా.

అలాంటిది, ఈ వసంతంలో సొంత కుక్క కన్ను మాత్రం ఆమె మాట వినలేదు.

పింటోకి పదకొండేళ్ళు. గొర్రెల్ని అమ్మేసి నాలుగేళ్ళయినా వాడు పని మానలేదు, సాయంత్రం కాగానే కోళ్ళను ఒక్కటి తప్పకుండా గూట్లోకి తోలుతాడు. ఏప్రిల్ దుమ్ముగాలికి వాడి కుడికన్ను నీరు కారడం మొదలైంది. అదో లెక్కా! రోజూ పొద్దున్నే తల ఒళ్ళో పెట్టుకుని కడిగేది కసీల్దా. పది రోజులు కడిగింది. తగ్గడం మాట దేవుడెరుగు, రెప్ప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. పదకొండో రోజు గిన్నె చప్పుడు వినగానే పింటో బల్లకిందికి దూరాడు.

"చూశావా, నీ వైద్యానికో దండం అంటున్నాడు," అన్నాడు మొగుడు దెల్ఫినో, మిరపకాయలేసి ఉడికించిన చిక్కుడుగింజలు నెమ్మదిగా నములుతూ.

"నువ్వు మాట్లాడకు. గట్టి పెంకున్న పిన్యోన్ గింజ కొరికి పన్ను విరగ్గొట్టుకున్న మొనగాడివి! డెబ్బై నాలుగేళ్ళొచ్చాయి, గింజ కొరకడం రాదు."

దెల్ఫినో నోట్లోంచి ఏదో తీసి జేబులో వేసుకున్నాడు.

"డాక్టరమ్మకి చూపిద్దామే," అన్నాడు.

"ఎవరికి, ఎర్మెలిందాకా? చిన్నప్పుడు దాని పుసికళ్ళు కడిగింది నేను. ఇప్పుడు దాని దగ్గరికి నేను పోవాలా? ఊరంతా నవ్వుతుంది."

"నవ్వితే నవ్వనీ. వాడి కన్ను పోతే?"

ఆ ఇంట్లో ఈ మాట ఇదివరకే ఒకసారి వచ్చింది. రెండేళ్ళ క్రితం పట్నంలో కంటిడాక్టరు, ఆమె రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ తప్పదన్నాడు. "ఊరందరి కళ్ళు బాగుచేసేదాన్ని, నా కళ్ళు ఇంకొకడి కత్తికిందా? నాకు బాగానే కనిపిస్తోంది," అని అప్పుడు లేచి వచ్చేసింది. ఇప్పుడు బల్లకింద పింటో మూలుగు వింటే మాత్రం ఆ పంతమంతా కరిగిపోయింది. శాలువా కప్పుకుని, వడకట్టు గుడ్డ సంచిలో పెట్టుకుని, పింటోనీ దెల్ఫినోనీ వెంటబెట్టుకుని బయల్దేరింది. తన మందులో లోపం లేదని ఆ పిల్లకి చూపించాలిగా!

ఎర్మెలిందా పశువుల డాక్టరు. ఎదురొచ్చి కసీల్దా చెయ్యి ముద్దుపెట్టుకుంది. పింటోని బల్ల ఎక్కించి, కంట్లో రంగుమందు చుక్క వేసి, లైటు వేసి చూసి, కిందిరెప్ప తిప్పి, సన్నటి పట్టకారుతో ఏవో తీసి తెల్లకాగితం మీద పెట్టింది.

"ఇవిగో పెద్దమ్మా, లోపల గుచ్చుకుంటున్నవి ఇవే. నల్లగుడ్డు మీద గీరుకుపోయింది. ఇంకో వారం ఆగితే కన్ను దక్కేది కాదు."

కసీల్దా కాగితం మీదికి వంగింది. ఇంకా వంగింది.

"ఏవే? ఉత్త కాగితమేగా!"

ప్రతిదానికీ వేళాకోళమాడే దెల్ఫినో నోరు మెదపకపోయేసరికి కసీల్దాకి భయమేసింది. కాగితం మీద వేలు ఆనించి, తగిలినదాన్ని నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

సీమచేమంతి.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. పది రోజులూ వాడు నమ్మి ఒళ్ళో తల పెడితే, తన చేత్తోనే కంట్లో నలుసులు పోసింది.

"మూడుసార్లు వడకట్టానే! సాంతా లూసియా మీద ఒట్టు!" సంచిలోంచి గుడ్డ తీసింది. "దెల్ఫినో, దీనికేమైనా అయిందా?"

అతను దాన్ని కిటికీ వెలుగుకి పట్టుకున్నాడు.

"చిల్లులున్నాయే."

"ఎన్ని?"

"అడక్కు."

కసీల్దా గుడ్డ లాక్కుని తడిమింది. వేలు అటువైపుకి వచ్చేసింది.

"నీకు తెలుసా?"

"గుడ్డ సంగతి తెలీదు. నీ కళ్ళ సంగతి తెలుసు."

ఆమె అతని వైపే చూసింది, మసగ్గా కనిపించే ఆ ముఖం వైపు.

"ఆ పన్ను పిన్యోన్ గింజకి విరగలేదు కదూ?"

దెల్ఫినో టోపీ అటూ ఇటూ తిప్పాడు. "చిక్కుడుగింజల్లో రాయి."

"ఒక్కటేనా?"

"రోజూ ఒకటో రెండో. తీసి జేబులో వేసుకునేవాణ్ణి."

"చెప్పి చావొచ్చుగా!"

"చెబితే గింజలు ఏరడం మానేస్తావు. ఏరడం మానేస్తే ఇంకేం మానేస్తావోనని... పైగా నీ వంట బాగుంటుందే."

"మొద్దు ముసలాడా!" అంది కసీల్దా. శాలువా అంచు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. బల్లమీది నుంచి పింటో మెడ చాచి ఆమె చెంప నాకాడు. వాడికి ఆమె మీద కోపం లేదు. అందుకే ఆమెకి ఇంకా ఏడుపొచ్చింది.

ఎర్మెలిందా చుక్కల సీసా ఇచ్చింది. రోజుకి నాలుగుసార్లు, కంట్లో పూల నీళ్ళు మాత్రం ఇక వద్దంది. కసీల్దా సీసాని మొగుడి చేతిలో పెట్టింది.

"చుక్కలు ఈయన వేస్తాడు. నువ్వు ఆ పట్నం డాక్టరుకి ఫోన్ చెయ్యమ్మా. ఎంత తొందరగా కోస్తే అంత మంచిదని చెప్పు."

ఇంటికొచ్చి పింటోని పక్కన కూర్చోబెట్టుకుంది. వాడు, కన్ను గోక్కోకుండా డాక్టరమ్మ మెడచుట్టూ కట్టిన ప్లాస్టిక్ గరాటుతోనే ఒళ్ళో తల పెట్టాడు. ఒక చెయ్యి వాడి మీద వేసి, రెండో చేత్తో ఎండు చిక్కుడుగింజల పళ్ళేన్ని దెల్ఫినో ముందుకి తోసింది.

"ఇంద, నేను కళ్ళు తెచ్చుకునేదాకా నువ్వే ఏరు. ఉన్న పళ్ళైనా దక్కించుకో."